కాకినాడ ప్రయోగం: పది రోజుల పాఠం, రెండేళ్ల పరీక్ష

బి.కాం. చదివినవాళ్లలో చాలామందికి ‘కాకినాడ ప్రయోగం’ అన్న మాట తెలుసు. ఎంటర్‌ప్రెన్యూర్‌షిప్ పేపర్లో తరచూ వచ్చే ప్రశ్న అది. దేశంలో ఎక్కడ ఎం.బి.ఏ. చదివినా పాఠ్యపుస్తకంలో మా ఊరి పేరు కనిపిస్తుంది. అదే కాకినాడ మెయిన్ రోడ్డు మీద నిలబడి ఆ ప్రయోగం గురించి అడగండి, చెప్పేవాళ్లు దొరకడం కష్టం. నేను పుట్టి పెరిగింది జగన్నాథపురంలో, ఉద్యోగం చేసింది హైదరాబాదులో ఒక ప్రభుత్వరంగ కర్మాగారం శిక్షణ విభాగంలో. కాబట్టి ఇది నాకు సొంత ఊరి చరిత్ర, సొంత వృత్తి చరిత్ర కూడా. పరీక్ష జవాబులో ఇమడని సంగతులు ఇందులో చాలా ఉన్నాయి. పనిచేసేచోట మనిషికి ఏం నేర్పాలి, ఎలా నేర్పాలి, నేర్పింది పనికొచ్చిందో లేదో ఎలా తేల్చాలి అన్న ప్రశ్నలు ముగ్గురు నలుగురు మేధావుల చేతుల మీదుగా నడిచి, 1964లో గోదావరి జిల్లాకు వచ్చిన వైనం అది.

కాస్త వెనక్కి వెళ్లాలి. పాఠ్యప్రణాళిక అనగానే మనకు బడి గుర్తొస్తుంది. కానీ దానికొక శాస్త్రం ఉండాలన్న ఆలోచనకు పుట్టిల్లు ఫ్యాక్టరీయే. అమెరికాలో ఫ్రెడరిక్ టేలర్ కార్మికుడి పనిని ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్కకూ ఎంత సమయం పడుతుందో కొలుస్తున్న రోజుల్లో, ఫ్రాంక్లిన్ బాబిట్ అనే ఆచార్యుడు ఆ పద్ధతిని చదువుకు పట్టించాడు. 1918లో ‘ది కరిక్యులమ్’ అనే పుస్తకం రాశాడు. పెద్దవాళ్లు బతుకులో, పనిలో నిజంగా చేసే పనులేమిటో ముందు గమనించండి, వాటిని విడగొట్టండి, ఏవి చేతకావడం లేదో చూసి అవి నేర్పండి అన్నాడు. పిల్లవాణ్ణి ముడిసరుకుగా చూశాడని ఆయన మీద విమర్శ వచ్చింది. ఆ విమర్శ న్యాయమైనదే. చిన్నపిల్లల చదువుకు ఆ కొలత సరిపోదు. అయితే పెద్దవాళ్లకు పని నేర్పేచోట మాత్రం ఆ పద్ధతి గట్టిగా నిలబడింది.

అది నిలబడటానికి కారణం రెండు యుద్ధాలు. మొదటి యుద్ధంలో ఓడలు కట్టే యార్డులకు వేలమంది కొత్త పనివాళ్లు కావలసి వచ్చినప్పుడు చార్లెస్ అలెన్ అనే ఆయన పని నేర్పడాన్ని నాలుగు మెట్లుగా విడదీశాడు. 1919లో దానిమీద పుస్తకం రాశాడు. రెండో యుద్ధం ముంచుకొచ్చేసరికి, 1940లో అమెరికా ప్రభుత్వం ‘ట్రైనింగ్ వితిన్ ఇండస్ట్రీ’ అనే విభాగాన్ని పెట్టి ఆ నాలుగు మెట్లనే మళ్లీ పైకి తీసింది. వాళ్లకు మొదట ఎదురైన సమస్యల్లో ఒకటి కటకాలు అరగదీసే పని. సైన్యానికి దూరదర్శినులు, గురిచూసే పరికరాలు కావాలి. వాటి కటకాలు అరగదీసే మేస్త్రీ తయారవడానికి అయిదేళ్లు పడుతుందని ఆ వృత్తివాళ్లు చెబుతూ వచ్చారు. ఈ బృందం వెళ్లి, ఆ పనిలో ఎన్ని చిన్న పనులున్నాయో రాసుకుని, ఏది నిజంగా చెయ్యి తిరిగినవాడికే సాధ్యం, ఏది కొత్తవాడికి అప్పగించవచ్చు అని వేరుచేసి, శిక్షణ కాలాన్ని ఏళ్ల నుంచి నెలలకు దించింది. యుద్ధం ముగిసేనాటికి ఆ విభాగం కోర్సుల్లో సర్టిఫికెట్ అందుకున్నవాళ్లు 16 లక్షలకు పైమాటే.

వాటిలో పని నేర్పే పద్ధతి మీద ఉన్న కోర్సు 1950లలో అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐ.ఎల్.ఓ.) నిపుణులతో మన దేశానికీ వచ్చింది. మా కర్మాగారంలో ఫోర్‌మన్లకు నేను కూడా దాన్ని నడిపాను. రోజుకు రెండు గంటలు, అయిదు రోజులు. మొదటిరోజే ఒక ముడి వేయించాలి. బల్బు హోల్డరులోకి వెళ్లే జంట వైర్లకు, ఎవరైనా కింద నుంచి లాగినా ఆ బరువు స్క్రూల మీద పడకుండా, లోపల ఒక ముడి వేస్తారు. కోర్సు నడిపేవాడు ముందుగా ఒక ఫోర్‌మన్‌ను పిలిచి, వైరు చేతికిచ్చి, ముడి ఎలా వెయ్యాలో నోటితో చెబుతాడు. కుడి కొసను వెనక నుంచి తిప్పు, ఎడమ కొసను దానిమీదుగా తీసుకో అంటూ. ముడి పడదు. మరొకరిని పిలిచి ఈసారి ఒక్క మాటా మాట్లాడకుండా చేసి చూపిస్తాడు. ఎదురుగా కూర్చున్నవాడికి కుడి ఎడమలు తారుమారై ఆ ముడీ పడదు. మూడోసారి అసలు పద్ధతి. మనిషిని పక్కన నిలబెట్టుకుని, కంగారు తగ్గేలా నాలుగు మాటలు మాట్లాడి, ఇదివరకు ఇలాంటిది చేశావా అని అడిగి, ఒక్కొక్క మెట్టూ చెబుతూ చూపిస్తూ, ఎక్కడ వేలు జారుతుందో అక్కడ ఆగి చెప్పి, తర్వాత అతనిచేతే చేయిస్తూ ఎందుకలా చేశావో అతనిచేతే చెప్పిస్తాడు. ముడి పడుతుంది. ఇరవై ఏళ్లుగా కుర్రాళ్లను ‘చెబితే అర్థం కాదురా నీకు’ అని తిట్టిన ఫోర్‌మన్ల ముఖాలు ఆ క్షణంలో చూడాలి. ఏ ఉపన్యాసమూ తేలేని మార్పు ఆ రెండడుగుల వైరు తెచ్చేది.

యుద్ధం తర్వాత, 1949లో, షికాగో విశ్వవిద్యాలయంలో రాల్ఫ్ టైలర్ ఒక సన్నని పుస్తకం ప్రచురించాడు. అందులో పాఠ్యప్రణాళిక అంతా నాలుగు ప్రశ్నల్లోకి వచ్చింది. ఏ ప్రయోజనం సాధించాలి? దానికి ఏయే అనుభవాలు కల్పించాలి? వాటిని ఏ వరసలో పెట్టాలి? ప్రయోజనం నెరవేరిందని ఎలా తెలుసుకోవాలి? ఈ నాలుగూ వినడానికి మామూలుగా ఉంటాయి. కానీ నాలుగింటికీ నిజాయితీగా జవాబు రాసుకుని కోర్సు మొదలుపెట్టినవాళ్లను నా ఉద్యోగ జీవితంలో వేళ్ల మీద లెక్కపెట్టగలను. టైలర్ చెప్పిన ఇంకో మాట కూడా నాకు ఎప్పుడూ గుర్తుండేది. నేర్చుకునేది విద్యార్థి తాను చేసే పని వల్లే, గురువు చేసే పని వల్ల కాదన్నది దాని సారం. కాకినాడ ప్రయోగాన్ని అర్థం చేసుకోవడానికి తాళంచెవి ఇదే.

చిన్న పరిశ్రమల మీద పనిచేసే అధికారులకు శిక్షణ ఇవ్వడానికి 1960లో ఢిల్లీలో కేంద్రప్రభుత్వం ఒక సంస్థ పెట్టింది. 1962లో అది హైదరాబాదు వచ్చి సియెట్ అయింది. యూసుఫ్‌గూడలో ఇప్పుడు ని-ఎమ్మెస్సెమ్మీ అని బోర్డు కనిపించేది ఆ సంస్థే. అప్పటికి కొన్నేళ్ల కిందటే, 1956లో, హైదరాబాదులోనే బెల్లా విస్టాలో అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ ఏర్పడి ఉంది. పెద్ద అధికారులను చిన్న చిన్న బృందాలుగా కూర్చోబెట్టి ఒకరి నుంచి ఒకరు నేర్చుకునేలా చేసే ఇంగ్లండు పద్ధతి అక్కడ నడిచేది. పనిచేసే పెద్దవాళ్లకు పాఠ్యప్రణాళిక అనే విషయంలో ఆ దశాబ్దంలో దేశమంతా చూసిన ఊరు హైదరాబాదు. ఈ గౌరవం సాఫ్ట్‌వేర్ కంటే చాలా ముందుది.

హార్వర్డు మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్లెలాండ్ వచ్చింది ఈ సియెట్‌కే. 1961లో ఆయన ‘ది అచీవింగ్ సొసైటీ’ అనే పెద్ద గ్రంథం రాశాడు. ఏదైనా పనిని మునుపటికన్నా బాగా చేయాలన్న తపన ఏ సమాజంలో ఎక్కువ ఉంటే ఆ సమాజం ఆర్థికంగా ఎదుగుతుందన్నది దాని వాదం. అయితే ఆ తపన పుట్టుకతో, పెంపకంతో వచ్చేదేనా? నడివయసు వ్యాపారికి నేర్పగలమా? మనస్తత్వ శాస్త్రంలో చాలామంది నేర్పలేమనే అనుకునేవాళ్లు. ఆ సందేహాన్ని తీర్చుకోవడానికి ఎంచుకున్న ఊరు కాకినాడ. దానితో పోల్చి చూడటానికి ఎంచుకున్నది గోదావరి ఒడ్డునున్న రాజమండ్రి. ఒకే భాష, అప్పట్లో ఒకే జిల్లా, దాదాపు ఒకేలాంటి బజారు. ఒక ఊరివాళ్లకు శిక్షణ ఇచ్చి, రెండో ఊరివాళ్లకు ఇవ్వకుండా, ఇద్దరినీ చూడాలన్నది ఆలోచన.

కాకినాడ బజారు సంగతి నాకు తెలుసు. మా నాన్నగారు జగన్నాథపురంలో ఒక బియ్యం కమీషన్ వ్యాపారి దగ్గర గుమస్తా. ఆ కొట్లలో కుర్రవాడు చేరగానే లెక్కల పుస్తకం ముట్టుకోనిచ్చేవారు కాదు. మొదట ఊడవడం, టీలు తేవడం. తర్వాత బస్తాలు లెక్కపెట్టడం, కాటా దగ్గర నిలబడటం, చేతిలోకి గుప్పెడు బియ్యం తీసుకుని నూక ఎంత ఉందో చెప్పడం. అది అయ్యాక చిట్టా రాయడం. చిట్టాలో తప్పులు లేవని నమ్మకం కుదిరాక దాన్నుంచి పేర్లవారీగా ఆవర్జాలోకి ఎక్కించడం. ఆ తర్వాత బాకీల వసూలు. ధర మాట్లాడటానికి పంపేది అన్నిటికన్నా చివర. ఏ పుస్తకంలోనూ లేకపోయినా ఇది వరస తప్పని పాఠ్యప్రణాళిక. దీనిలో లేనిది ఒక్కటే. ఉన్న వ్యాపారాన్ని ఉన్నట్టు నడపడం నేర్పేది కానీ, కొత్తది మొదలుపెట్టడం నేర్పేది కాదు. ఓడరేవు మీద బతికే ఊళ్లో, ఎగుమతి బాగున్న ఏడాది బాగుండి, లేని ఏడాది చేతులు కట్టుకుని కూర్చునే అలవాటు చాలామందికి ఉండేది.

అలాంటి బజారు నుంచి 52 మంది వ్యాపారులు, చిన్న పరిశ్రమలవాళ్లు 1964లో బృందాలుగా హైదరాబాదు బయల్దేరారు. మన పాఠ్యపుస్తకాలు చాలావాటిలో మూడు నెలల శిక్షణ అని ఉంటుంది. నిజానికి కోర్సు నడిచింది పది రోజుల నుంచి రెండు వారాల లోపే. ఆ తేడా చిన్నది కాదు. మూడు నెలలు కొట్టు వదిలి వచ్చే వ్యాపారి ఉండడు. పది రోజుల్లో ఏమైనా మారుతుందా అన్నదే అసలు ప్రశ్న.

అక్కడ చేయించిందేమిటి? నేల మీద ఒక మేకు పాతి, చేతికి తాడు రింగులు ఇచ్చి, ఎంత దూరం నుంచి విసరాలో నువ్వే నిర్ణయించుకో అనేవారు. కొందరు మేకు పక్కనే నిలబడి వేస్తారు. అన్నీ పడతాయి, గర్వపడటానికి ఏమీ ఉండదు. కొందరు గది చివరికి వెళ్లి అదృష్టం మీద వదిలేస్తారు. కొద్దిమంది కష్టమే కానీ సాధ్యమయ్యే దూరం చూసుకుంటారు, రెండు రింగులు తప్పితే అడుగు ముందుకు, వరసగా పడితే అడుగు వెనక్కి జరుగుతారు. ఆట అయ్యాక మాట్లాడుకోవాలి. నువ్వు అక్కడెందుకు నిలబడ్డావు? అప్పు ఇచ్చేటప్పుడు, సరుకు పట్టేటప్పుడు కూడా ఇలాగే చేస్తావా? ఏ దూరం ఎంచుకోవాలో గురువు చెప్పడు. ఎవరి ధోరణి వాళ్లకు కళ్లముందు కనిపిస్తుంది.

తర్వాతది కథలు. ఒక బొమ్మను కొన్ని క్షణాలు చూపించి, అయిదు నిమిషాల్లో కథ రాయమనేవారు. ఆ కథలో మనిషి ఏదైనా బాగా చేయాలనుకుంటున్నాడా, అడ్డంకిని ముందే ఊహించాడా, ఎవరి సాయం అడిగాడు, తప్పితే ఏం చేశాడు అని లెక్క కట్టే పద్ధతి ఉంది. పరిశోధకులు రహస్యంగా ఉంచుకునే ఆ లెక్కను వ్యాపారులకే నేర్పి, వాళ్ల కథలకు వాళ్లచేతే మార్కులు వేయించి, మళ్లీ రాయించారు. పరీక్ష ప్రశ్నపత్రాన్ని పాఠంగా మార్చిన ఈ ధైర్యం నాకు ఎంతో నచ్చుతుంది. ఆ పైన తమ గురించి తాము ఆలోచించుకోవడం, ఈ తపన తమ కుటుంబానికీ ఆచారానికీ నమ్మకానికీ ఎక్కడ పొసగుతుంది, ఎక్కడ పొసగదు అని చర్చించుకోవడం. చివరగా రాబోయే రెండేళ్లలో ఏం చేస్తానో కాగితం మీద రాయడం. మంచి వ్యాపారం చేస్తాను అంటే ఒప్పుకోరు. ఏది, ఎంత, ఎప్పటికి అని ఉండాలి. ఊరికి తిరిగి వచ్చాక ఆ కాగితం ఎంతవరకు నెరవేరిందో మధ్య మధ్య చూసుకోవాలి. ఒకే ఊరివాళ్లు కలిసి నేర్చుకున్నారు కాబట్టి తిరిగొచ్చాక కూడా ఒకరికొకరు తోడున్నారు.

టైలర్ నాలుగో ప్రశ్నకు ఇక్కడ దొరికినంత నిక్కచ్చి జవాబు పారిశ్రామిక శిక్షణ చరిత్రలో అరుదు. మెక్లెలాండ్, డేవిడ్ వింటర్ 1969లో ప్రచురించిన పుస్తకంలో లెక్కలున్నాయి. కాకినాడవాళ్లతో పాటు శిక్షణకు వచ్చిన మరో ఊరివాళ్లనూ కలిపి మొత్తం 76 మందిని, పొందని 73 మందిని కోర్సుకు ముందు రెండేళ్లు, తర్వాత రెండేళ్లు పోల్చారు. వ్యాపారంలో మామూలుకు మించిన చొరవ చూపినవాళ్లు శిక్షణ పొందినవాళ్లలో 27 శాతం నుంచి 51 శాతానికి పెరిగారు. పొందనివాళ్లలో 22 నుంచి 25కు. కొత్త వ్యాపారం పెట్టినవాళ్లు అటు 4 నుంచి 22 శాతానికి, ఇటు 7 నుంచి 8కి. పనివాళ్లను పెంచుకున్నవాళ్లు అటు 35 నుంచి 59కి, ఇటు 31 నుంచి 33కి. కోర్సు బాగుందా అని ఎవరినీ అడిగి తేల్చిన అంకెలు కావివి. కొట్టులో, షెడ్డులో ఏం జరిగిందో చూసి రాసినవి. సంఖ్య చిన్నదనీ, వచ్చినవాళ్లు ఇష్టపడి వచ్చినవాళ్లే కదా అనీ అభ్యంతరాలున్నాయి, అవి సరైనవే. సంప్రదాయాలు పాటించేవాళ్లు వెనకబడతారన్న అప్పటి పాశ్చాత్యుల అంచనాను మాత్రం ఈ ఫలితాలు కొట్టిపారేశాయి. పంచె కట్టి, బొట్టు పెట్టుకుని, పూజ చేసుకుని కొట్టు తెరిచే వ్యాపారి కూడా అంతే చొరవ చూపగలిగాడు.

నా దృష్టిలో ఆ పుస్తకంలో అన్నిటికన్నా విలువైన సంగతి వేరే ఉంది. మార్పు ఎక్కువగా కనిపించింది తన వ్యాపారం తన చేతిలో ఉన్నవాళ్లలోనే. తండ్రి కిందో, అన్న కిందో, భాగస్తుల మాట మీదో నడిచేవాళ్లు అదే పది రోజులు అదే గదిలో కూర్చుని వచ్చినా, తిరిగొచ్చాక చేయగలిగింది తక్కువే. పాఠం ఒకటే, మనుషుల్లో పుట్టిన ఉత్సాహం కూడా ఒకటే. నిర్ణయించే అధికారం ఉన్నచోట అది పనిగా మారింది, లేనిచోట మారలేదు.

సంస్థలో మనిషికి నేర్పితే చాలదు, సంస్థను కూడా మార్చాలి అన్న ఆలోచన మన దేశంలో ఎలా పెరిగిందో చూస్తే, ఆ దారిలో కూడా హైదరాబాదు కనిపిస్తుంది. అప్పట్లో సియెట్‌లో పనిచేసిన ఉదయ్ పారీక్, తర్వాత అహ్మదాబాదు ఐ.ఐ.ఎం.లో తెలుగువాడైన టి.వి.రావుతో కలిసి, 1970ల నడుమ లార్సెన్ అండ్ టూబ్రో కంపెనీకి సలహాదారు అయ్యాడు. వాళ్లను అడిగింది ఉద్యోగుల పనితీరు మదింపును బాగుచేయమని. వాళ్లు ఇచ్చిన జవాబు మాత్రం, మదింపును ఒక్కదాన్నే బాగుచేస్తే ప్రయోజనం లేదని. మదింపు, శిక్షణ, పై అధికారి కూర్చుని మాట్లాడటం, ఉద్యోగి ఎదుగుదల, సంస్థ అభివృద్ధి అన్నీ ఒక్క గొడుగు కిందికి రావాలన్నారు. 1975లో అక్కడ ఏర్పడిన మానవ వనరుల అభివృద్ధి విభాగం దేశానికి నమూనా అయింది. ఇంకోపక్క గుజరాత్‌లో 1970 ప్రాంతంలో మొదలైన ఔత్సాహిక పారిశ్రామికవేత్తల శిక్షణలు కాకినాడ పాఠాన్నే పొడిగించాయి. 1983లో అహ్మదాబాదులో దానికోసం జాతీయస్థాయి సంస్థే వచ్చింది. ప్రయోగం మనది, దాన్ని పట్టుదలగా వాడుకున్నది గుజరాత్. ఇది చెప్పుకోవడానికి నాకు బాధగానే ఉంటుంది.

ఇవాళ ఏ కంపెనీలో చూసినా శిక్షణ ఉంది, ఆన్‌లైన్ కోర్సులున్నాయి, తలకిన్ని గంటలని లక్ష్యాలున్నాయి. నేను పనిచేసినచోట కూడా ఉండేవి. కోర్సు చివర ఒక కాగితం ఇచ్చేవాళ్లం. బోధన ఎలా ఉంది, భోజనం ఎలా ఉంది, గది సౌకర్యంగా ఉందా అని. 1959లోనే డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ శిక్షణ ఫలితాన్ని నాలుగు స్థాయిల్లో చూడాలన్నాడు. నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో చేస్తున్నారా, సంస్థకు ఫలితం వచ్చిందా అని. అందరం మొదటి మెట్టు మీదే ఆగిపోయాం. ఒకసారి ఒక టర్నర్ కోర్సు నుంచి షాపులోకి వెళ్లి, టూలు మార్చే వరసను తిరగేస్తే సమయం కలిసొస్తుందని చెప్పాడు. అతని చార్జ్‌మన్ ‘నీ కోర్సు నీ దగ్గరే ఉంచుకో, నాకు సాయంత్రానికి సంఖ్య కావాలి’ అన్నాడు. అతను మళ్లీ నోరెత్తలేదు. ఆ టర్నర్ ఫీడ్‌బ్యాక్ కాగితంలో మాకు పూర్తి మార్కులే వేశాడు. కాకినాడలో భాగస్తుల మాట మీద నడిచిన వ్యాపారి ఎదుర్కొన్న గోడే ఇది. శిక్షణ పొందినవాణ్ణి ఒక్కణ్ణే కాకుండా అతని పైవాణ్ణి కూడా కోర్సులో కూర్చోబెట్టి, ఏడాది తర్వాత ఇద్దరినీ షాపులో కలవాలి. దానికి కొత్త సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు.

కాకినాడవాళ్లకు, ముఖ్యంగా పాత వ్యాపార కుటుంబాలవాళ్లకు, ఒక విన్నపం. 1964లో ముప్ఫై, నలభై ఏళ్ల వయసులో ఆ కోర్సుకు వెళ్లినవాళ్లలో ఇప్పుడు మిగిలినవాళ్లు ఉంటే తొంభై దాటి ఉంటారు. మీ తాతగారు, పెదనాన్నగారు హైదరాబాదులో సియెట్‌కు వెళ్లొచ్చారని ఇంట్లో ఎప్పుడైనా అనుకోగా విన్నారా? పాత బీరువాల్లో, ఆవర్జాల మధ్య, అప్పటి నోటుపుస్తకం, బృందం ఫొటో, రెండేళ్ల లక్ష్యాలు రాసిన కాగితం ఉన్నాయేమో చూడండి. ఉంటే పాత కాగితాలవాడికి వెయ్యకండి. మా ఊళ్లో పి.ఆర్. కాలేజీ ఉంది, ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. వాటిలో ఏ గ్రంథాలయానికి ఇచ్చినా భద్రంగా ఉంటుంది. ప్రపంచమంతా అంకెలు చదివింది. ఆ 52 మంది తమ మాటల్లో ఏం రాసుకున్నారో చదవాల్సింది మనం.